అత్తగారి టీవీ వెనక

మా బావమరిది కూతురి పెళ్ళి తాడేపల్లిగూడెంలో. మండపం మేడమీద, లిఫ్టు చెడిపోయి ఉంది. కొల్లేటికోట నుంచి వచ్చిన మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు. ఆ సంగతి ముందే తెలిసి, పై కెమెరా నుంచి కేబుల్ లాగి కింద భోజనాల హాల్లో టీవీ పెడదామనుకున్నాం. మనవరాలి మెడలో తాళి పడటం చూడాలని ఆవిడ ఆశ. వీడియో ఆయన కేబుల్ పొడవు చాలదన్నాడు.

"మా ఇంట్లో ఉంది, నేను తెస్తాను" అన్నాను.

ఉన్నమాట నిజమే. ఒక చివర కనెక్టర్ బాగానే ఉంది, రెండో చివర లేదు. ఏలూరులో కొనబోతే షాపాయన, "కేబుల్ సన్నదాండీ, లావుదాండీ? దేని కనెక్టర్ దానికేనండీ" అన్నాడు. చూడలేదని చెప్పడం నామోషీ అనిపించి, "లావుదే" అన్నాను. తీరా ఇంటికొచ్చి చూస్తే సన్నది. కనెక్టర్లో కేబుల్, నాన్న చెప్పులేసుకున్న పిల్లాడి కాలులా ఆడుతోంది. మార్చుకు రావచ్చు. కానీ మళ్ళీ ఆ షాపాయన మొహం చూడాలి. టేపు చుట్టి సరిపెట్టాను.

జీలకర్ర బెల్లం దాకా బొమ్మ బాగానే వచ్చింది. ఆ తర్వాత అన్నీ చారలే. టీవీ వెనక్కి వెళ్ళి కనెక్టర్ పట్టుకుంటే బొమ్మ వచ్చింది, వదిలితే పోయింది. పట్టుకునే నిలబడ్డాను.

"ఏవండీ అల్లుడుగారూ, పైవాళ్ళేమైనా కదుపుతున్నారంటారా?"

"అవునండీ, ఆ వీడియో ఆయన..." అంటుండగానే చెయ్యి కదిలి బొమ్మ పోయింది.

మళ్ళీ గట్టిగా పట్టుకుంటే వచ్చింది. ఇక దాచలేకపోయాను. "తప్పు నాదేనండీ. సైజు తప్పు తెచ్చాను."

"ఇప్పుడు బొమ్మ కదల్లేదండీ" అన్నారావిడ. "మావైపు వల ముడి వేశాక ఒకసారి గట్టిగా లాగి చూస్తారు. మీరు లాగి చూశారా?"

"లేదండీ."

"ఊడుతుందని మీకు తెలుసు కాబోలు."

నిజమే, తెలుసు.

మేడమీద మేళం జోరందుకుంది. నాకు గోడ తప్ప ఏమీ కనబడదు. ఆవిడే చెబుతున్నారు: "పెళ్ళికొడుకు లేచాడండీ. ఒక ముడి. రెండు..." అక్కడ ఆగిపోయారు.

"బొమ్మ పోయిందాండీ?" అని అడిగాను.

"లేదండీ. నాకే సరిగా కనబడటం లేదు" అంటూ ముక్కు ఎగబీల్చారు. "మీరు మాత్రం వదలకండి."

వదల్లేదు. ఆవిడ టీవీ మీదికి విసిరిన అక్షింతల్లో సగం నా నెత్తిన పడ్డాయి.