శ్రీ లేని చిరునామాలు

2018 ఫిబ్రవరి మొదటి సోమవారం నాడు సిడ్నీ పడమటి శివారులోని ఒక చిన్న వెబ్ కంపెనీలో జూనియర్ డెవలపర్‌గా చేరాను. ఆరు నెలల ప్రొబేషన్. వెబ్‌సైట్లు కట్టే పని నుంచి ముప్ఫై మూడేళ్లకే విరమించి ఇప్పుడు యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. ఆ కంపెనీలో జరిగిన ఈ సంగతిని ప్రతి కొత్త తరగతికీ ఒకసారి చెబుతుంటాను. తరగతిలో సమయం చాలక వదిలేసేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

జూలై చివర్లో నాకు ఒక తెలుగు సంఘం వెబ్‌సైటు అప్పగించారు. మేనేజరు బ్రెట్ దాన్ని నాకివ్వడానికి కారణం నాకు తెలుగు రావడం ఒక్కటే. షరతు మాత్రం స్పష్టంగా చెప్పాడు. శనివారం సంఘం సమావేశంలో సైటు తెరిచి చూపించాలి. సోమవారం లోపు పని బాగుందని క్లయింటు నుంచి మెయిలు రావాలి. వస్తే ఉద్యోగం ఖాయం. రాకపోతే ప్రొబేషన్‌తోనే ఇంటికి.

ఆ మెయిలు రాయాల్సింది సంఘం కార్యదర్శి రాఘవరావు అంకుల్. రిటైరైన సివిల్ ఇంజనీరు, స్కోఫీల్డ్స్‌లో ఇల్లు. శనివారం సమావేశంలోనే కొత్త అధ్యక్ష పదవికి నామినేషన్లు తీసుకుంటారు, ఆయన పోటీలో ఉన్నారు. ప్రత్యర్థి కెల్లీవిల్‌లో ఉండే డాక్టర్ మూర్తి గారు. ఆయన డాక్టరేటు భూసారం మీద. "జ్వరమొస్తే పనికిరాని డాక్టరు" అని అంకుల్ నలుగురిలో అనేవారు. దాచకూడని విషయం ఇంకొకటి ఉంది. నేను అద్దెకుంటున్నది మూర్తి గారి పెరట్లోని గ్రానీ ఫ్లాట్ అనే చిన్న ఇంట్లో.

ఇక పని సంగతి. సర్వర్లో ఉన్న ఫైలుకు రెండు చిరునామాలుంటాయి. ఒకటి డిస్కు మీది దారి, అంటే ఏ ఫోల్డరులో ఏ పేరుతో ఉందో చెప్పేది. రెండోది వెబ్ చిరునామా, బయటివాళ్లు బ్రౌజరులో కొట్టేది. ఇంట్లోవాళ్లకు "వంటింటి పక్క గది, కిటికీ కింద బల్ల" అంటే చాలు, పోస్ట్‌మాన్‌కి వీధి పేరు కావాలి. కార్యవర్గం ఫొటోలు ఒక ఫోల్డరులో పడేస్తే వాటంతటవే సైటులో కనిపించాలని అంకుల్ కోరిక. అందుకని సర్వర్ మీద నడిచే ఒక చిన్న పీహెచ్‌పీ స్క్రిప్టు, అంటే ప్రోగ్రాము, రాశాను. అది ఫోల్డరులో ఉన్న ప్రతి ఫొటో దారినీ చదివి, బయటివాళ్లకు అక్కర్లేని పై ఫోల్డరు పేరు తీసేసి, ఆ స్థానంలో సైటు పేరు చేర్చి, వెబ్ చిరునామాగా మారుస్తుంది. అసలు మార్పిడి ఒక్క వరుస కోడు.

ఫోల్డర్లు ఏర్పాటు చేసిన రోజు అంకుల్ నా పక్కనే కూర్చున్నారు.

"పైన ఉన్నదాని పేరేంటి బాబూ?"

"డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ, అంకుల్. అందరూ అదే పెడతారు."

"అందరి సంగతి నాకెందుకు? పైన శ్రీ రాయకుండా నేను పచారీ చీటీ కూడా మొదలుపెట్టను. టాప్ ఫోల్డర్‌కి శ్రీ అని పెట్టు. నో ఆర్గ్యుమెంట్స్."

సాంకేతికంగా అందులో తప్పేమీ కనబడలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో "/sri" అని పెట్టాను. స్క్రిప్టులో నా వరుస ఇలా చెబుతుంది: దారిలోంచి "/sri" తీసెయ్. ముందుగా నా లాప్‌టాప్ మీద పరీక్షించాను. అక్కడ పై ఫోల్డరు పేరు వేరు. పరీక్షకు పెట్టిన ఫొటోల పేర్లు test1, test2, test3. మూడూ కనిపించాయి. చెక్‌లిస్టులో టిక్కు పెట్టాను.

శనివారం ఆర్వో, అంటే ఇక్కడివాళ్ల మాటలో మధ్యాహ్నం, స్కోఫీల్డ్స్ కమ్యూనిటీ హాలు. ఫొటోలను ఆ ఉదయమే అంకుల్ స్వయంగా పేర్లు పెట్టి ఎక్కించారు. మొత్తం ఇరవై రెండు. సమోసాల పళ్లెం రెండోసారి తిరుగుతుండగా ప్రొజెక్టర్ పెట్టి "కార్యవర్గం" పేజీ తెరిచాను.

తెర మీద తొమ్మిది మొహాలు. ఎనిమిది మంది ఆంటీలు, వాళ్ల మధ్య చిరునవ్వుతో డాక్టర్ మూర్తి గారు. మిగిలిన పదమూడు చోట్ల, ఫొటో దొరకనప్పుడు బ్రౌజరు చూపించే చిరిగిన కాగితం బొమ్మ.

"మూర్తి గారూ, పేరంటానికి వెళ్లారా ఏంటండీ?" అన్నారెవరో.

అంకుల్ మైకు అందుకున్నారు.

"బాబూ, నువ్వుండేది ఎవరింట్లో?"

"మూర్తి గారి గ్రానీ ఫ్లాట్‌లో, అంకుల్."

"వైఫై ఎవరిది?"

"ఆయనదే."

"విన్నారుగా" అన్నారు సభ వైపు తిరిగి.

మూర్తి గారు లేచారు. "నాకు టీవీ రిమోట్టే సరిగ్గా రాదండీ రాఘవరావు గారూ. ఇదంతా నేనెక్కడ చేస్తాను?"

"మీరు చెయ్యలేదు. చేయించారు."

నేను లాప్‌టాప్ మీదికి వంగాను. సోమవారం రావాల్సిన మెయిలు నా కళ్ల ముందే మాయమవుతోంది. అప్పుడు ముందు వరుసలోంచి అంకుల్ భార్య, సాంస్కృతిక కార్యదర్శి విజయ ఆంటీ, తాపీగా అన్నారు: "వాడినెందుకు తిడతారు? ఇంట్లోనూ అంతే. పనున్నప్పుడు మా శ్రీవారు కనిపించరు."

హాలంతా నవ్వింది. నేను మాత్రం "శ్రీ" దగ్గర ఆగిపోయాను.

కనిపించని పదమూడు ఫైళ్ల పేర్లు చూశాను. పెద్దవాళ్ల పేర్లు గౌరవం లేకుండా ఫైలుకైనా పెట్టే మనిషి కారు అంకుల్. పదమూడూ "sri-"తో మొదలవుతున్నాయి. ఆయన సొంత ఫొటో దారి "/sri/photos/sri-raghavarao.jpg". నా వరుస మొదటి "/sri"తో ఆగలేదు, రెండోదాన్నీ కోసేసింది. మిగిలింది "/photos-raghavarao.jpg". ఆ పేరుతో ఏ ఫైలూ లేదు. శ్రీమతిని ఇంగ్లీషులో రాసేటప్పుడు మనవాళ్లు "smt" అని కుదిస్తారు కాబట్టి ఆంటీలు దక్కారు. మూర్తి గారి ఫైలు పేరు "dr-"తో మొదలవుతుంది, ఆయన్ని ఆ డాక్టరేటు కాపాడింది.

దారులు మూడు. పై ఫోల్డరు పేరు మార్చవచ్చు, అంకుల్ ఒప్పుకోరు. పదమూడు మంది పేర్ల ముందున్న శ్రీ తీసేయవచ్చు, పదమూడు మందీ ఒప్పుకోరు. లేదా నా వరుస దిద్దుకోవచ్చు: "/sri" దారి మొదట్లో ఉంటేనే తీసెయ్, అదీ ఒక్కసారే. దిద్దడానికి అర నిమిషం పట్టింది. హాలు ఇంటర్నెట్ మీద సర్వర్‌కి ఎక్కించడానికి ఆరు నిమిషాలు పట్టింది.

ఆ ఆరు నిమిషాలూ తెర మీద పేజీ అలాగే ఉంది. వెనక వరుసలోంచి ఒకావిడ, "ఈ కమిటీయే బాగుంది కదండీ, ఉంచేయండి" అన్నారు. ఇంకొకరు అధ్యక్ష పదవికి విజయ ఆంటీ పేరు ప్రతిపాదించారు. అందరికంటే ముందు బలపరిచింది మూర్తి గారు. నేరం తన మీద నుంచి దిగిపోవడానికి ఇంతకంటే మంచి దారి ఆయనకు దొరకలేదనుకుంటాను. ఆ ఊపులోనే తన పేరు వెనక్కి తీసుకున్నారు.

"విజయా, జోక్స్ తర్వాత" అన్నారు అంకుల్ మైకులోనే.

"జోకేముందండీ? ఫొటో ఉన్నవాళ్లేగా పోటీ చెయ్యాలి."

అంకుల్ తెర వైపు చూశారు. తర్వాత భార్య వైపు చూశారు. "ఐ విత్‌డ్రా" అన్నారు. "సాయంత్రం ఒకే కార్లో ఇంటికెళ్లాలి."

పదమూడు మంది మగవాళ్లూ తెర మీదికి తిరిగొచ్చేసరికి నామినేషన్లు ముగిసిపోయాయి.

ఆదివారం మెయిలు రాలేదు. సోమవారం నాలుగింటికి బ్రెట్ నన్ను పిలిచి అంకుల్ రాసినది చదివి వినిపించాడు. రెండే వాక్యాలు. "వెబ్‌సైటు ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది. జరిగిన నష్టం నాకొక్కడికే." జరిగిందంతా చెప్పాక, శ్రీ అంటే ఏమిటని బ్రెట్ అడిగాడు. మిస్టర్ లాంటిదన్నాను. అయితే మిస్టర్లందరినీ డిలీట్ చేశావన్నమాట, అన్నాడు. చిరునామాల్లోంచి మాత్రమే, అన్నాను. నువ్వు పరీక్షించిన ఫొటోల పేర్లేమిటని అడిగాడు. test1, test2, test3 అని చెప్పాను. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆ రోజు నుంచి నా చెక్‌లిస్టులో రెండు అంశాలు చేరాయి. తీసెయ్ అని రాసినప్పుడు ఎక్కడి నుంచో, ఎన్నిసార్లో కూడా రాయాలి. పరీక్షకు నేను కల్పించిన పేర్లు కాకుండా, మనుషులు నిజంగా పెట్టుకునే పేర్లు వాడాలి.

రెండో అంశం వారంలోనే పనికొచ్చింది. అధ్యక్షురాలి పేజీలో తన పక్కన పెట్టమని విజయ ఆంటీ ఒక ఫొటో పంపారు. అందులో రాఘవరావు అంకుల్ సూటు వేసుకుని ఉన్నారు. ఫైలు పేరు "srivaru.jpg". ఎక్కించి, తెరిచి, కనిపిస్తున్నారని చూసుకున్నాకే ఆఫీసు నుంచి కదిలాను.