బాలనర్సయ్య గేటుకు రెండో రెక్క

నార్సింగిలో తన చెయ్యి పడనిదే ఏ రిబ్బనూ సరిగా తెగదని బాలనర్సయ్య నమ్మకం. ఊరి బడిలో ఏడో తరగతి ఫస్టున పాసైన మనిషి. నార్సింగి ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో రెండుసార్లు వార్డు మెంబరు. బోరింగు వేయించింది ఆయనే, బస్‌షెల్టర్ కట్టించింది ఆయనే. బోరింగు మీదుగా ఇప్పుడు రోడ్డు పోయింది, షెల్టర్ దగ్గర బస్సు ఆగడం మానేసింది. అయితేనేం, రాతిపలక మీద పేరు చెక్కుచెదరలేదు.

ఈ చరిత్రనంతా ఓపిగ్గా వినే మనిషి లోకంలో ఒక్కరే. బాలనర్సయ్య మూడంతస్తుల ఇంట్లో పైన కిరాయికుండే రవికిరణ్ తండ్రి, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన సీతారామయ్య. రోజూ సాయంత్రం గేటు పక్క అరుగు మీద కూర్చుని, సరిగ్గా అనాల్సిన చోటల్లా "ఆహా, అలాగా అండీ!" అనేవాడు. బోరింగు కథ విన్నవాడు మర్నాడు మళ్లీ అడిగి మరీ వినడమంటే మామూలు విషయమా?

అలాంటి బాలనర్సయ్యకు హైటెక్ సిటీ నుంచి ఫోను వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు సర్వమత సేవా సమ్మేళనం పెడుతున్నారు, స్థానిక పెద్దమనిషి చేత ప్రారంభోత్సవం చేయించాలట. ప్రారంభించేది ఏమిటని ఆయన అడగలేదు. పెద్దమనుషులు అలాంటివి అడగరు.

అద్దాల మేడలో, చల్లటి హాలులో, వేదిక మీద పంతులుగారు, పాస్టరుగారు, మౌల్వీ సాబ్ వరుసగా కూర్చున్నారు. పేదలకు ఏమివ్వాలన్న దాని మీద అప్పటికే బోలెడు మీటింగులు జరిగాయి. అన్నదానమంటే మాంసం దగ్గర తేడా వచ్చింది. దుప్పట్లంటే, పోయినేడు బోరబండలో పంచినవే ఇంకా మడత విప్పలేదు. చివరికి ఏ మతం వాళ్లకైనా తప్పనిది ఒకటి తేలింది: శవాన్ని పాడవకుండా ఉంచే ఫ్రీజర్ బాక్సు. అడిగిన ఇంటికి ఉచితంగా పంపుతారు.

పరదా తీయగానే బాలనర్సయ్యకు ఆ గాజు మూత కనబడింది. ఆ చల్లటి హాలులోనే ఖద్దరు చొక్కా తడిసింది. కార్యక్రమం చూసుకునే ప్రియదర్శిని కత్తెర పళ్లెం పట్టుకుని వేదిక వైపు తిరిగింది. మతసామరస్యమంటే ఏమిటో జనం అప్పుడు కళ్లారా చూశారు. ముగ్గురూ ఒక్కసారే లేచి తలో అడుగు వెనక్కి వేశారు.

"మీరు కానివ్వండి పెద్దాయనా," అన్నారు పంతులుగారు ఎంతో ఉదారంగా.

"మీకన్నా పెద్దలు ఎవరున్నరు, భాయ్‌సాబ్?" అన్నారు మౌల్వీ సాబ్. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థనలో పడ్డారు.

ఇక తప్పక కత్తిరించాడు. చప్పట్లు మోగాయి, భయం సగం పోయింది. "పెట్టె ఇస్తాం సరే, కిరాయి ఇళ్లల్లో ఓనర్లు శవాన్ని గేటు దాటనివ్వడం లేదు, పాపం రోడ్డు మీద పెట్టుకుంటున్నారు" అని ప్రియదర్శిని మైకులో బాధపడుతుంటే, మిగతా సగమూ పోయింది. ఆయనలోని వార్డు మెంబరు లేచి మైకు అందుకున్నాడు.

"ఎవ్వరో రానియ్యకపోతే ఏమాయె? నార్సింగిల నాకు మూడంతస్తుల ఇల్లున్నది. నా కిరాయిదార్లకు గసొంటి కష్టమొస్తే, నా గేటు రెండు రెక్కలు బార్లా తెరుస్త! రాస్కోండ్రి!"

హాలంతా లేచి నిలబడింది. "ఏమన్న జరిగితే దవాఖాన నుంచి సీదా మీ ఊరికి తీస్కపోవాలె" అని ఇంట్లో దిగే ప్రతివాడికీ మొట్టమొదట తనే చెప్పే షరతు ఆ చప్పట్లలో ఆయనకు వినబడలేదు. పైగా ఆ వీడియోను కిరాయిదార్లందరికీ స్వయంగా పంపించాడు.

ఆ నెల తిరక్కుండానే సీతారామయ్య గుండెపోటుతో ఆస్పత్రిలో పోయాడు.

రవికిరణ్ వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. "బాబాయిగారూ, అక్కయ్య రాజమండ్రి నుంచి కార్లో బయల్దేరిందండి. సాయంత్రానికి గానీ రాదు. అప్పటిదాకా నాన్నగారిని... పెట్టె పంపిస్తామన్నారండి. మీరు వేదిక మీద అన్నారు కదాని..."

బాలనర్సయ్య మాట పక్కదారి పట్టింది. "అంటే రవీ... ఇయ్యాల మంగళారం. గా రెండో రెక్క గూడ తుప్పువట్టింది, ఏండ్లాయె తెరవక. పెట్టె వట్టదు."

ఎదురింటి రంగనాథ్ గోడ మీంచి తొంగి చూశాడు. "కాకా, జర సోచాయించు. పీనుగ దిగిన ఇంట్ల మల్ల కిరాయికి ఎవడొస్తడు?"

బాలనర్సయ్య భార్య చంద్రమ్మ కొబ్బరినూనె సీసా పట్టుకుని బయటికి వచ్చింది. రిబ్బను కోసి వచ్చిననాడు మొగుడి చేత బయట నల్లా కిందే తలస్నానం చేయించిన మనిషి. ఈ పూట ఎవరి వైపు మాట్లాడుతుందో ఆయనకే తెలియలేదు.

"నీ బోరింగ్ ముచ్చట సగంల నేనే లేసిపోత. ఆయన దినాం నిండ ఇన్నడు. ఒక్క పూట నీ వాకిట్ల పండుతనంటే మంగళారం యాదికొచ్చిందా? వీడియోల బార్లా తెరిచింది గేటునా, నోటినా?"

తుప్పు మీద నూనె ఒంపింది. బాలనర్సయ్య కాసేపు రంగనాథ్‌ను చూశాడు, కాసేపు ఖాళీ అరుగును చూశాడు. తర్వాత భుజం ఆనించి నెట్టాడు. రెండో రెక్క వీధంతా వినబడేలా మూలిగి తెరుచుకుంది.

పెట్టెకు కరెంటు తన ఇంట్లోంచే లాగించాడు. రాజమండ్రి కారు వచ్చేదాకా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఒక్క ఘనకార్యమూ చెప్పకుండా.

ఇప్పుడు బోరింగు, షెల్టర్ తర్వాత గేటు కూడా ఆయన కథల్లో చేరింది. అందులో నూనె సీసా ఉండదు, మంగళవారం ఉండదు. రంగనాథ్ నోరు ఒక్క కసురుతో మూయించడం మాత్రం ఉంటుంది. కిరాయికి కొత్తగా దిగేవాళ్లకు షరతులు చెప్పేటప్పుడు మొదటిది మింగేసి, ఈ కథ ఎత్తుకుంటాడు. "తెరిచిన!" అన్న దగ్గర ఆగి వాళ్ల ముఖాల్లోకి చూస్తాడు. వాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు.

"గీడ 'ఆహా, అలాగా అండీ' అనాలె," అని తనే అందించి, మిగతాది మొదలుపెడతాడు.