పళ్లెం పగిలితే చప్పట్లు

ఆ కొండమీది కాలేజీలో పిల్లలు రెండొందల మంది కూడా లేరు. భోజనశాలలో ఎవరి చేతిలోంచి పళ్లెం జారి పగిలినా అందరూ లేచి చప్పట్లు కొట్టాలి. పగలగొట్టినవాళ్లు నడుం వంచి సలాము చేసి, ఆఖరి ఏడాది పిల్లల బల్ల దగ్గర కూర్చుని తినాలి. అదీ అక్కడి ఆచారం. మూల ఒంటరిగా తినే కొత్తపిల్లలు కొందరు కావాలనే పగలగొట్టేవాళ్లు, దొంగవెధవలు!

ఊడ్చేది మాత్రం అర్లీన్. అమెరికాలోని ఆ వెర్మాంట్ చలిలో తెల్లవారకముందే వచ్చి సూపు కాచి, వడ్డించి, మోకాళ్లు పట్టుకుని ఇంటికి పోయే మనిషి. పెళ్లయిన కొత్తలో చేరింది. ఇప్పుడు మొగుడూ లేడు, ఓపికా లేదు. మిగిలిందల్లా ఆ గరిటె, "ఏరా, చిక్కిపోయావేం?" అని పలకరించే ఆ వడ్డన వేళ. ఈమధ్య కుడిచెయ్యి వణుకుతోంది. మేనేజరు డ్వేన్ కంటబడితే గిన్నెలు కడిగే గదిలోకి తోసేస్తాడు. అక్కడ పిల్లల మొహాలు కనపడవు. అందుకే చేతిని జేబులో దాచుకుని తిరుగుతోంది.

ఒక బుధవారం దాచలేకపోయింది. పింగాణీ గిన్నెల దొంతర హాలు నడుమ భళ్లున పడింది. ఎవరూ లేవలేదు. పనివాళ్లకు చప్పట్లు కొట్టరు మరి. ఆ సంగతి తెలియని కొత్తపిల్ల ఇంగ్రిడ్ లేచి టపటపా కొట్టేసింది. ఇంకేముంది, హాలంతా లేచింది!

"వంగాలి అర్లీన్, వంగాలి!"

"వంగితే మళ్లీ లేవనురా, చంపకండి."

"అయితే వచ్చి కూర్చో. తప్పించుకోలేవు."

ఇన్నేళ్లలో ఆ హాల్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది. ఆమె కాచిన సూపే ఆమె ముందు పెట్టారు. చెంచా ఎత్తబోతే చెయ్యి గడగడా వణికి చెంచాలోని సూపంతా ఒలికింది. ఎదురుగా డ్వేన్ చూస్తున్నాడు. అయిపోయింది, అనుకుంది. చెంచా వదిలేసి గిన్నెను రెండు చేతులా ఎత్తి తాగింది.

అదీ ఆచారమే కాబోలనుకుంది ఇంగ్రిడ్. తనూ చెంచా పక్కనపెట్టి గిన్నె ఎత్తింది. ఆ పిల్లను చూసి పక్కవాడు, వాణ్ణి చూసి వెనక బల్లవాళ్లు.

సోమవారానికల్లా డ్వేన్ ఆమెను కడిగే గదికి మార్చేశాడు. గరిటె పోయింది, పలకరింపూ పోయింది. అయినా బుధవారం వచ్చిందంటే గోడ అవతలి హాల్లోంచి సూపు గిన్నెలే వస్తాయి, ఎంగిలి చెంచా ఒక్కటీ రాదు.

"మరిచిపోలేదు వెధవలు," అంటూ తడిచేత్తోనే కళ్లు తుడుచుకుంటుంది అర్లీన్.