నాలుగు నిమిషాల మెసేజికి నా జవాబు

బట్టలు కుట్టడం నా పని. కాలు మిషన్ పెడల్ మీద, కన్ను సూది మీద, ఎడమచేతి బొటనవేలు మాత్రం ఫోన్ మీద. కొత్త గౌను వేసుకున్న పాప ఫొటో ఎవరైనా పంపితే చాలు, "అయ్యో, చచ్చిపోయా!" అని కొట్టేదాన్ని. ఎవరి పెళ్ళిరోజు ఫొటో వచ్చినా "ఏడ్చేశా, గుండె ఆగిపోయింది" అని పెట్టి, పక్కన ఐదారు ఏడుపు మొహాలు. మా అమ్మాయి నేర్పిన భాష ఇది. ఒక్క చుక్క రాలకుండా రోజుకి ఇరవైసార్లు ఏడ్చేదాన్ని. గిరాకీలు మురిసిపోయేవాళ్ళు. నాకేం పోయింది?

మా అక్క ఇస్త్రీ దుకాణంలో పని చేస్తుంది. టైపు చేయడం చేతకాదు, అన్నీ వాయిస్ మెసేజీలే. మంగళవారం ఒకటి పంపింది, నాలుగు నిమిషాలది. మళ్ళీ వాళ్ళ ఆడపడుచుతో గొడవేలే అనుకున్నా. చేతిలో కాలర్ ఉంది, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. వినకుండానే "ఏడ్చేశా అక్కా, నా వల్ల కావట్లేదు" అని కొట్టి పది ఏడుపు మొహాలు పెట్టా. "సర్లే, ఏడవకు" అని చిన్న వాయిస్ మెసేజి వచ్చింది. అంతటితో ఆ సంగతే మర్చిపోయా.

శనివారం దారం ఎక్కిస్తూ, ఖాళీయే కదా అని ఆ నాలుగు నిమిషాలూ విన్నా. రొమ్ములో గడ్డ ఉందట. గురువారం ఆస్పత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట. "ఎవరికీ చెప్పకే. భయంగా ఉంది, వచ్చి పక్కన కూర్చుంటావా?" అని చివర్న అడిగింది. గురువారం దాటిపోయి రెండు రోజులైంది. షట్టర్ సగమే దించి అక్క ఇంటికి పరిగెత్తా.

అక్క దుప్పటి మడతపెడుతోంది. నన్ను చూడగానే, "అమ్మో, మళ్ళీ మొదలెట్టకు," అంది. "మొన్న ఎంత ఏడ్చావో ఏమో! నిన్ను తీసుకెళ్తే నిన్ను ఓదార్చడమే సరిపోతుందని ఒక్కదాన్నే వెళ్ళొచ్చా."

"రిపోర్టు ఎప్పుడక్కా?"

"సోమవారం. నువ్వు రావద్దే తల్లీ, తట్టుకోలేవు."

ఛీ, నా బతుకు! నోరు మూసుకుని ఊరుకుంటే మంచి చెల్లెలిగానే మిగిలిపోతాను. సోమవారం కూడా తను ఒక్కతే ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంటుంది.

"నేను ఏడవలేదక్కా. అసలు విననేలేదు. వినకుండా పెట్టేశా. నన్ను తీసుకెళ్ళు."

అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. నన్ను నాలుగు తిట్టినా బావుండేది. మిగతా మడత పెట్టి, అరచేత్తో నొక్కి, బీరువాలో సర్దింది.

"ఎనిమిదింటికల్లా రా," అంది, నా వైపు తిరక్కుండానే. "ఆ ఫోను ఇంట్లో పెట్టి రా."