కడాకు దాపెట్టుకున్నది

ఏర్పేడు దగ్గర కాలేజీ హాస్టల్లో ఎస్తేరు తినేది చూస్తే ఎవరికైనా నవ్వొస్తాది. కోడిగుడ్డును పళ్లెం అంచుకు జరిపి, అన్నమంతా అయినాక, కళ్లు మూసుకొని తింటాది. "మంచిది కడాకు దాపెట్టుకోవాల" అనేది పలమనేరులో పాలమ్ముకునే వాళ్లమ్మ నేర్పిన మాట. ఆ బుద్ధితోనే, కాలేజీల పోటీకి చేసిన, బంతులు ఏరి బుట్టలో వేసే రోబోకు ఇంత పెద్ద కడుపు కట్టింది. "దొరికింది దొరికినట్టే వేసేద్దాం మే," అన్నాడు జట్టులోని రూపేష్. "వద్దప్పా, అన్నీ నింపుకోని కడాకు ఒకేసారి కుమ్మరిద్దాం," అంది. చదువు ఆఖరి సంవత్సరం, ఆమెకు ఇంకో పోటీ లేదు.

తిరుపతి పోటీలో రోబో కడుపునిండా బంతులతో బుట్ట దగ్గరికి పోయింది. దాని కడుపు తలుపు దగ్గర రెండు బంతులు ఇరుక్కున్నాయి. అది గింజుకుంటుండగానే బెల్లు కొట్టేసినారు. కడుపులో ఉన్నవాటికి మార్కుల్లేవు. జనం లేచిపోతుంటే ఎస్తేరు మోకాళ్ల మీద కూర్చొని, బంతుల్ని ఒక్కొక్కటే చేత్తో తీసి బుట్టలో వేసింది.

"ఇంకెందుకు మే?" అన్నాడు రూపేష్. ఆఖరి బంతి కూడా వేసినాకే ఆమె లేచింది.

ఆ పూట మెస్సులో అన్నం వడ్డించేలోపే గుడ్డు మింగేసింది. కళ్లు తెరిచే ఉండాయి.