మామ ఇచ్చిన రాగి కడ్డీ

నా చిన్నప్పుడు మా మేనమామకు నరసరావుపేటలో కరెంటు మోటార్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఊరికి దగ్గర్లోని కొండ మీద శివరాత్రికి జరిగే తిరునాళ్లకు సైకిలు మీద తీసుకుపోతానని ఆయన నన్ను నెల ముందు నుంచీ ఊరిస్తూ వచ్చాడు. అక్కడ కట్టే ఎత్తైన రంగుల ప్రభలు చూస్తానని బడిలో అందరికీ చెప్పేసుకున్నాను.

తీరా ఆ పొద్దున కొట్టుకు వెళ్తే, బొగ్గుల కుంపటి పక్కన కూర్చున్న మామ చిటికెన వేలంత లావు రాగి కడ్డీ నా చేతికిచ్చాడు.

"ఒరేయ్ అల్లుడూ, దీన్ని వంచి మళ్లీ తిన్నగా చెయ్. చేస్తే సైకిలెక్కు, లేకుంటే ఇంటికి పో."

"ఓస్, ఇంతేనా మామా!"

మోకాలికి ఆనించి నొక్కితే మైనంలా వంగింది. వెనక్కి తిప్పబోతే మాత్రం కదల్లేదు. గడపకు ఆనించి తొక్కాను, దాని మీద పడి వేలాడాను. అరచేతులు కమిలాయి.

"ఏందిరా, పొద్దున అన్నం తిన్లేదా?" అని నవ్వి, మామ అప్పటిదాకా కొట్టు బయట కాచుకుని ఉన్న తన బావమరిదిని సైకిలు వెనక ఎక్కించుకుని తిరునాళ్లకు వెళ్లిపోయాడు.

తర్వాత నేను బడి మధ్యలోనే మానేసినా, పాత పుస్తకాలు కొని చదవడం మానలేదు. ఏళ్ల తర్వాత అలాంటి ఒక పుస్తకంలో ఆ కడ్డీ సంగతి దొరికింది. లోహంలో పరమాణువులు వరసలుగా పేర్చి ఉంటాయి. వాటిని కలిపి ఉంచే ఎలక్ట్రాన్లు ఏ ఒక్కదానికీ అంటిపెట్టుకోక అన్నిటి మధ్యా తిరుగుతాయి గనక, వరస జారినా పట్టు తెగదు. అందుకే రాగి వంగుతుంది. వంగాక లోపలి వరసలు చిక్కుపడి ఒకదానికొకటి అడ్డం పడతాయి. అందుకే బిగుస్తుంది. పెన్సిలు ములుకులో కర్బనం పొరలు ఊరికే జారి కాగితానికి అంటుతాయి. అదే కర్బనం వజ్రంలో నాలుగు వైపులా బిగించి కట్టుకుని ఉంటుంది, జారదు.

నా చేతుల్లో సత్తువ లేక కాదన్నమాట! ఆ సంతోషం పేజీ తిప్పేదాకే. బిగిసిన రాగిని ఎర్రగా కాల్చితే చిక్కులు పోయి మళ్లీ మెత్తబడుతుందని అక్కడ రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆ పొద్దున మామ పక్కన కుంపటి రాజుకునే ఉంది. నేను రాకముందు కడ్డీని కాల్చి మెత్తబరిచింది మామే. నేను కిందా మీదా పడుతుంటే ఆ నిప్పు పక్కనే కూర్చుని చూశాడు, చెప్పలేదు. సైకిలు మీద చోటు లేదురా అని ఒక్క మాటంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి కదా!

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా నవ్వుతూ నా చేతికి సులువైన పని ఇస్తే, ముందు పనిని చూడను, ఆ మనిషి ముఖం చూస్తాను.