అవ్వ పెళ్ళిచీర మీద కత్తెర

మా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, ఒక పొద్దున మా అమ్మ వసారాలో చాప పరిచి దానిమీద మా అవ్వ పెళ్ళిపట్టుచీర విప్పింది... పక్కన కత్తెర పెట్టుకుంది. కోయలేదు. మడిచి లోపల పెట్టనూ లేదు. అలా చూస్తూ కూర్చుంది...

మాది శ్రీకాళహస్తి. అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె మంచం పట్టినన్నాళ్ళూ ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్ళు కడిగి, అన్నం తినిపించింది మా అమ్మే. పెద్దకోడలు, అంటే పుత్తూరులో ఉండే మా పెద్దమ్మ, ఒక్క పూటైనా వచ్చి చూడలేదు. పోయేముందు అవ్వ ఆ చీరను అమ్మ చేతిలో పెట్టింది. ఆరణి నుంచి చూడ్డానికి వచ్చిన అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, అప్పుడు పక్కనే ఉంది.

అవ్వ పోయి, చిన్నవ్వ తిరిగి ఆరణి వెళ్ళిపోయాక పెద్దమ్మ వచ్చి పెట్టె తెరిచింది. చీర లేదు. అమ్మ చెప్పేది వినలేదు... "సచ్చిపోయిన ముసిల్దాని పెట్టెలో సెయ్యి పెట్టిన దొంగ" అని చుట్టుపక్కల బంధువులందరికీ చాటింది. అప్పటినుంచి మా అమ్మ నవ్వడం నేను చూడలేదు.

కొన్నాళ్ళకు పెద్దమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది. పిలుపుతో పాటు ఒక కబురు కూడా వచ్చింది... ఆ చీర తెచ్చి పెళ్ళికూతురికి ఇచ్చేస్తే, జరిగింది మర్చిపోతుందట!

"ఇచ్చేయరాదా మే, పీడ పోతాది," అన్నాడు నాయన.

"ఇస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే గదా? ఇయ్యను. దాసిపెట్టనూ పెట్టను. నా బిడ్డకి పావడా కుట్టి పెండ్లిలో అందరి ముందరా తిప్పుతాను. సూడనీ."

అన్నదే గానీ చెయ్యి రాలేదు. మామిడిపండు రంగు పట్టు, అరచేతి వెడల్పు జరీ అంచు... మడతల దగ్గర అప్పడంలా విరిగిపోతోంది. మా వీధి దర్జీ తాత వేలితో తాకి వెనక్కి ఇచ్చేశాడు. "సూది దిగితే సీలిపోతాదమ్మా. ఇట్లే పెట్టుకో, మీ అత్త గుర్తుగా ఉంటాది."

అమ్మ ఆ చీరను నా ముక్కు దగ్గర పెట్టి, "మీ అవ్వ వాసన వస్తాందా?" అనడిగింది. వస్తోందన్నాను... కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

కొత్త గుడ్డ దొరకని కాలం. నాయన పాత పంచె అడుగున వేసి, దానిమీద పట్టును సన్నటి కుట్లతో పట్టించింది. సూది గుచ్చినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించడం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

పుత్తూరులో పెళ్ళిపందిరి... ఆడవాళ్ళ మధ్య, చిన్నవ్వ పక్కనే నన్ను కూర్చోబెట్టింది అమ్మ. పెద్దమ్మ చూసింది. తాంబూలం పళ్ళెం కింద పెట్టి, విసవిసా వచ్చి నా పావడా పట్టుకుంది.

"ఇదే మా అత్త సీర! దొంగిలించింది సాలదని కోసి పారేసింది, సూడండి!"

లాగిన లాగుకు జరీ అంచు చర్రున చీలి ఆమె చేతిలోకి వచ్చేసింది. నేను ఏడుపు అందుకున్నాను. అమ్మ మాత్రం కదల్లేదు.

"సిన్నత్తా, ఈ సీర నాకెవురిచ్చినారో నువ్వే సెప్పు. ఆ పొద్దు నువ్వు ఆడనే ఉండావు గదా."

చిన్నవ్వ బుగ్గలోని వక్క పక్కకు తోసింది. "మా అక్క తన సేత్తోనే ఇచ్చింది. నేను సూస్తానే ఉండా. దొంగ అన్నిందెవురు? నా దాకా రాలేదే ఈ మాట!"

మగపెళ్ళివారి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చీలిన అంచు చేతిలో పట్టుకుని పెద్దమ్మ తలెత్తలేదు...

తిరుగు రైల్లో నాయన మెల్లగా అన్నాడు, "పెండ్లికూతురు ఏడ్సింది మే."

"ఏడవనీ. నేను ఏడ్సినప్పుడు ఎవురు సూసినారు? ఈ పొద్దు నా కడుపు సల్లబడింది," అంది అమ్మ. నా ఒళ్ళో ఆ పట్టు పోగులు పోగులుగా రాలుతోంది. వాటిని ఏరి తన కొంగులో ముడి వేసుకుంది.

రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆ రోజుతో సరి. అమ్మ చివరిదాకా దానికి బాధపడలేదు...

ఇప్పుడు మా మనవరాళ్ళు పాత పట్టుచీరలు ఇచ్చి గౌన్లు కుట్టించుకుంటున్నారు, ఒక్కసారి వేసి పక్కన పడేస్తున్నారు. ఆ పాత చీరలు ఎవరివో అడిగేవాళ్ళు లేరు... అవి నాకే కావాలని కొట్లాడేవాళ్ళూ లేరు. మీ ఇళ్ళలో ఏ చీర కోసం ఎవరు ఎవరితో మాటలు మానేశారో... గుర్తుంటే చెప్పండి, నాకు వినాలనుంది.